అలైన్‌మెంట్ ఎన్నిసార్లు చేయించినా అంబాసిడర్ ఎందుకు లాగుతుంది?

పర్లాకిమిడి, పాతపట్నం, ఇచ్ఛాపురం, బరంపురం... ఈ పక్కల ఇంకా అంబాసిడర్ ఉంచుకున్నవాళ్ళని ఎవరిని కదిపినా మాట చివరికి ఒకచోటికే వస్తుంది. అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు కొలిచి సరిచేయడం) చేయించాం, కొన్నాళ్ళు బాగుంది, మళ్ళీ మొదలు. ప్రింటు తీసి చూపిస్తారు, అందులో అంకెలన్నీ పచ్చగానే ఉంటాయి, బండి మాత్రం స్టీరింగ్ మీద చెయ్యి కాస్త సడలిస్తే చాలు, ఎడమ పక్క మట్టిలోకి దిగిపోతానంటుంది. లేదంటే కొత్తగా వేయించిన టైరు లోపలి అంచు చూస్తుండగానే నున్నగా అయిపోతుంది. అప్పుడు ఇంకో షాపు, ఇంకో ప్రింటు, శ్రీకాకుళంలో తేలకపోతే వైజాగ్.

షాపు మారిస్తే తగ్గే జబ్బు కాదిది. అలైన్‌మెంట్ మిషన్ కొలిచేది నిలబడ్డ బండిని, మనకు తంటా వచ్చేది నడిచే బండితో. నిలబడ్డప్పుడు అరిగిన జాయింట్లన్నీ ఎక్కడో ఒకచోట ఆనుకుని కదలకుండా ఉంటాయి, మిషన్ ఆ స్థితినే చూసి అంకె ఇస్తుంది. బ్రేకు వేసినప్పుడు, గోతిలో పడ్డప్పుడు, తప్తపాణి ఘాట్ మలుపులో బరువంతా ఒక చక్రం మీదికి వచ్చినప్పుడు అవే జాయింట్లు ఇంకో వైపుకి జరుగుతాయి, అంకె మారిపోతుంది. అంచేత పాత బండికి అలైన్‌మెంట్ అనేది రిపేరు కాదు, రిపేర్లన్నీ అయ్యాక చేసే ఆఖరి పని. ఈ వరస తిరగేసి, ముందు మిషన్ ఎక్కించి తర్వాత జాయింట్ల సంగతి చూద్దామనుకున్నంత కాలం డబ్బులు పోతూనే ఉంటాయి.

బండి సంగతి కాస్త చెప్పుకోవాలి. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 దీనికి మూలం. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు 1950ల చివర్లో మొదలుపెట్టి 2014 దాకా తయారు చేశారు. ఇంజన్లు మారాయి, గ్రిల్లులు మారాయి కానీ ముందు చక్రాల ఏర్పాటు మూలసూత్రం చాలా ఏళ్ళు అలాగే ఉండిపోయింది. స్ప్రింగు చుట్టల బదులు బండి కింద పొడుగునా వెనక్కి పోయే టార్షన్ బార్లు, స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం పక్కకి తిరగడానికి కింగ్ పిన్ అనే నిలువు కడ్డీ, స్టీరింగ్‌కి ర్యాక్ అండ్ పినియన్ (పళ్ళ కడ్డీ, దాన్ని పక్కకి జరిపే పళ్ళ చక్రం), వెనకాల కమాన్ కట్టలు. ఇందులో మెకానిక్ స్పానరు పెట్టి మార్చగలిగేది మామూలుగా టో ఒక్కటే (ఈ పేర్ల అర్థం కిందే చెప్తాను). కాంబర్, కాస్టర్ అనేవి భాగాల కొలతల్లోనే ఉండిపోయాయి. కాబట్టి ప్రింటులో కాంబర్ ఎర్రగా కనిపిస్తే అది సెట్ చేయాల్సిన అంకె కాదు, ఏదో వంగిందనో అరిగిందనో కుంగిందనో చెప్పే సాక్ష్యం. "కాంబర్ మీ బండిలో మారదండీ, టో చేసేశాను" అని పంపేస్తారు చూడండి, ఆ మాటలో మొదటి సగం నిజమే. రెండో సగమే మనల్ని మళ్ళీ మళ్ళీ తిప్పుతుంది.

ఈ మూడు పేర్లూ ఒకసారి తేల్చేసుకుందాం. పైనుంచి చూస్తే ముందు చక్రాలు రెండూ ముందువైపు కాస్త దగ్గరగా ఉన్నాయా, దూరంగా ఉన్నాయా అన్నది టో. ఎదురుగా నిలబడి చూస్తే చక్రం తల లోపలికి వాలిందా బయటికి వాలిందా అన్నది కాంబర్. పక్కనుంచి చూస్తే కింగ్ పిన్ తల వెనక్కి ఎంత వాలిందన్నది కాస్టర్, మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తను నిటారుకి రావడానికి ముఖ్యంగా ఇదే కారణం. టో తప్పితే టైరు పోతుంది కానీ బండి పెద్దగా లాగదు, ఎందుకంటే రోడ్డు మీద రెండు చక్రాలూ తప్పుని చెరిసగం పంచేసుకుంటాయి. లాగుడు వచ్చేది కాంబర్, కాస్టర్ రెండు పక్కలా సమానంగా లేనప్పుడు. ఎటు కాంబర్ ఎక్కువ బయటికి వాలితే అటు, ఎటు కాస్టర్ తక్కువైతే అటు. అర డిగ్రీ తేడా చాలు చేతికి తెలియడానికి. బండి లాగుతోందని పోయి టో చేయించుకొచ్చే మనకి ఇది ముందే తెలిస్తే సగం ఖర్చు మిగిలేది.

అసలు అది అలైన్‌మెంటేనా అన్నది ఇంకా ముందు తేలాలి. మన రోడ్లకి వాన నీళ్ళు పోవడానికి మధ్య నుంచి అంచులకి వాలు ఉంటుంది, మీటరుకి దాదాపు 2 సెంటీమీటర్లు. ఎడమ పక్క నడిపే దేశంలో ప్రతి బండీ కొద్దిగా ఎడమకి జారాలని చూస్తుంది, అది రోగం కాదు. చూసుకోవాలంటే సమంగా ఉన్న పెద్ద సిమెంటు గచ్చు కావాలి, మా వైపైతే రైసు మిల్లుల కల్లాలే దిక్కు. చెంబుడు నీళ్ళు పోసి ఎటూ పరుగెత్తడం లేదని చూసుకుని, అక్కడ బండిని నెమ్మదిగా పోనిచ్చి, అదే దారిలో తిరిగి ఎదురు దిక్కుకీ పోనివ్వండి. రెండుసార్లూ ఎడమకే పోతే బండిది, ఒకసారి ఎడమకీ ఒకసారి కుడికీ పోతే నేలది.

బండిదే అని తేలితే టైరు గాలి సమంగా కొట్టించి, ముందు రెండు చక్రాలూ ఎడమది కుడికీ కుడిది ఎడమకీ మార్చి చూడండి. లాగుడు పక్క మారిందా, టైరు లోపం. లోపలి పొరలు ఓ పక్కకి పడ్డ టైరు పైకి కొత్తదానిలా కనిపిస్తూనే బండిని లాక్కుపోతుంది, దాన్ని ఏ అలైన్‌మెంట్ మిషనూ పట్టదు. పాత 5.90-15 నైలాన్ టైర్లు దొరక్క ఒక పక్క రేడియల్ వేసి నడిపేవాళ్ళూ ఉన్నారు, ఒకే ఇరుసు మీద రెండు రకాలు వేశాక ఇక అలైన్‌మెంట్ గురించి మాట్లాడ్డం అనవసరం.

తర్వాత బ్రేకులు. పాత అంబాసిడర్లకి ముందూ డ్రమ్ములే. ఓ నాలుగైదు కిలోమీటర్లు బ్రేకు వీలైనంత తక్కువ వాడుతూ నడిపి, ఆపి, రెండు డ్రమ్ముల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి (ముట్టుకోకండి, దగ్గర పెడితే చాలు). ఒకటి సెగలు కక్కుతుంటే అక్కడ వీల్ సిలిండర్ పట్టేసిందనో, రబ్బరు హోసు లోపల ఉబ్బి నూనె వెనక్కి రానివ్వడం లేదనో అర్థం. హోసు బయటికి నల్లగా నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల మూసుకుపోయి ఉంటుంది. గంటకి 60, 70 దగ్గర మాత్రమే స్టీరింగ్ వణుకుతోందంటే అది ముందు బ్యాలెన్సింగ్‌దో వంగిన రిమ్ముదో అయ్యుంటుంది, అలైన్‌మెంట్‌ది కాదు.

ఇంకొక లక్షణం ఉంది, దీన్ని చాలామంది లాగుడుతో కలిపేస్తారు. ఎడమకి మలుపు తిరిగి వచ్చాక బండి ఎడమకి లాగుతుంది, కుడి మలుపు తర్వాత కుడికి లాగుతుంది. ఇలా పక్క మారుతూ ఉంటే కోణాల్లో తప్పు లేదు, ఏదో బిగుసుకుపోయింది. కింగ్ పిన్ గ్రీజు లేక ఎండిపోవడం, కొత్తగా వేసిన బుష్ (పిన్ తిరిగే గొట్టం) రీమర్ పట్టకుండా, అంటే లోపలి రంధ్రాన్ని పిన్ కొలతకి చెక్కకుండా, బిగుతుగా దిగ్గొట్టడం, ర్యాక్ అతిగా బిగించడం ఇవన్నీ ఇలాగే కనిపిస్తాయి. ముందు చక్రాలు రెండూ జాక్ మీద లేపి స్టీరింగ్ ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పండి, ఎక్కడైనా బరువుగా తగిలితే ఒక్కో టై రాడ్ ఎండ్ (ర్యాక్‌ని చక్రానికి కలిపే కడ్డీ కొసన ఉండే జాయింటు) విప్పేసి చక్రాన్ని చేత్తో తిప్పి చూడండి, బరువు చక్రంలో ఉందో ర్యాక్‌లో ఉందో అక్కడే తెలిసిపోతుంది.

టైరుని చదవడం ఇంటి దగ్గరే అయిపోతుంది. అరచెయ్యి టైరు మీద అడ్డంగా, లోపలి అంచు నుంచి బయటికి ఓసారి, బయటి నుంచి లోపలికి ఓసారి నెమ్మదిగా రాయండి. ఒక దిక్కు నున్నగా జారి, ఇంకో దిక్కు రంపం పళ్ళలా గీరుకుంటే అది టో. లోపలి నుంచి బయటికి లాగినప్పుడు గీరుకుంటే చక్రాలు ముందువైపు అతిగా దగ్గరైనట్టు, బయటి నుంచి లోపలికి లాగినప్పుడు గీరుకుంటే దూరమైనట్టు. ఏ దిక్కూ గీరుకోకుండా ఒక అంచు మాత్రం నున్నగా తినేస్తే కాంబర్. చుట్టూ అక్కడక్కడా పల్లాలు పడితే షాకబ్జరో, బేరింగో, బ్యాలెన్సింగో. రెండు అంచులూ పోయి మధ్య మిగిలితే గాలి తక్కువ, అంతే. ఎడమ టైరు ఒకలా, కుడి టైరు ఒకలా అరిగితే మాత్రం గాబరా పడకండి, అది మనకి అనుకూలమైన సమాచారం, ఎందుకంటే వెతకాల్సిన పక్క తెలిసిపోయింది.

ఇప్పుడు అసలు పని. లూజు వెతకడం. దీనికి ఇద్దరు మనుషులు, ఒక టార్చి, ఓ పొడుగాటి ఇనప కడ్డీ చాలు, తొందర మాత్రం పనికిరాదు. మొదట చక్రాలు నేల మీద ఉండగానే, ఒకరు లోపల కూర్చుని స్టీరింగ్‌ని కొద్దికొద్దిగా అటూ ఇటూ ఆడిస్తూ ఉండాలి, ఇంకొకరు కింద పడుకుని ఒక్కో జాయింటు మీద చెయ్యి వేసి ఉంచాలి. కంటికి కనబడని ఆట వేళ్ళకి తెలుస్తుంది. టై రాడ్ ఎండ్‌లో చిన్న టక్కు, ర్యాక్‌ని బాడీకి పట్టుకునే క్లాంపు దగ్గర ర్యాక్ మొత్తం పక్కకి కదలడం, రెండూ ఇక్కడే దొరుకుతాయి. ర్యాక్ క్లాంపు లూజుని అందరూ వదిలేస్తారు. కింద ఆయిలూ మట్టీ కలిసి మందంగా పేరుకుపోయి ఉంటుంది, అది గీకితే గానీ బోల్టు కనబడదు. ఆ బోల్టు దగ్గర మట్టికి సన్నటి తాజా పగులు ఉంటే అక్కడ కదులుతున్నట్టే.

తర్వాత ఒక చక్రం లేపి, పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడిందనుకోండి, లోపలి మనిషిని బ్రేకు తొక్కి పట్టుకోమని మళ్ళీ ఊపండి. బ్రేకు తొక్కగానే ఆట పోతే అది చక్రం బేరింగ్, బిగిస్తే సరిపోవచ్చు. బ్రేకు తొక్కినా ఆట అలాగే ఉంటే కింగ్ పిన్, దాన్ని ఆర్మ్‌లకి కలిపే ట్రనియన్ జాయింట్ల వైపు. ఈ చిన్న తేడా చూడకుండా బేరింగుని పదేపదే బిగించేవాళ్ళని చూశాను, బేరింగ్ కాలి నల్లబడిందే తప్ప బండి బాగవలేదు. చివరగా కడ్డీని కింది ఆర్మ్‌కీ (చక్రాన్ని బాడీకి పట్టి ఉంచే చెయ్యిలాంటి భాగం) బాడీకీ మధ్య దూర్చి మెల్లగా తోయండి, రబ్బరు బుష్ సాగి తిరిగి రావాలి, ఇనుముకి ఇనుము తగిలిన చప్పుడు రాకూడదు. ముందు నుంచి ఆర్మ్‌ని పట్టుకునే టై బార్ రబ్బర్లు కూడా అక్కడే చూసెయ్యండి. అవి నలిగిపోతే బ్రేకు తొక్కినప్పుడల్లా చక్రం వెనక్కి జరుగుతుంది, కాస్టర్ ఆ క్షణానికి మారిపోతుంది, బండి ఒక్కసారి పక్కకి గుంజుతుంది. నిలబడి ఉన్న బండిని ఎంత కొలిచినా ఇది దొరకదు.

గ్రీజు సంగతి కూడా ఇక్కడే. కింగ్ పిన్ దగ్గర గ్రీజు ఎక్కించే చిన్న మూతులు, నిపుల్స్ ఉంటాయి, వాటికి బండి బరువు చక్రాల మీద ఉండగా గన్ పెడితే గ్రీజు ఖాళీ ఉన్న పక్కకే పోతుంది, రాపిడి జరిగే పక్కకి పోదు. జాక్ మీద లేపి, స్టీరింగ్ తిప్పుతూ, పాత నల్ల గ్రీజు పోయి కొత్తది బయటికి కనబడేదాకా కొట్టాలి. నిపుల్ మూసుకుపోతే విప్పి మార్చండి, పది నిమిషాల పని.

రబ్బరు బుష్‌లు మార్చేటప్పుడు జరిగే ఒక పొరపాటు వల్ల, కొత్త సామాను వేసిన బండి కూడా కొద్ది నెలల్లో మళ్ళీ మొదటికొస్తుంది. జాక్ మీద చక్రాలు వేలాడుతూ ఉండగా బుష్ బోల్టులు గట్టిగా బిగించేస్తారు. రబ్బరు ఆ వేలాడే స్థితిలోనే అతుక్కుపోతుంది, బండిని కిందికి దించగానే మెలి తిరుగుతుంది, రోజంతా ఆ మెలిలోనే ఉండి చిరుగుతుంది, పైగా అదొక స్ప్రింగులా బండిని ఓ పక్క పైకి తోస్తుంది. బోల్టులు చేత్తో తగిలించి, బండిని నేల మీదికి దించి, నాలుగు సార్లు ఊపి, బరువు పడ్డాక అప్పుడు బిగించాలి. కింద దూరడం కష్టమని గుంట ఉన్న షెడ్డుకి పోవాల్సి వస్తే పోవాలి.

లూజు ఏమీ లేదు, అయినా కాంబర్ తప్పే చూపిస్తోంది అంటే ఎత్తు కొలవండి. టార్షన్ బార్ అంటే మెలి పెట్టిన ఉక్కు కడ్డీ, ముందు కొస ఆర్మ్‌కి, వెనక కొస బాడీకి. ఏళ్ళు గడిచేకొద్దీ అది కొద్దిగా సడలుతుంది. ముందు భాగం కుంగితే ఆర్మ్ కోణం మారి చక్రం తల వాలిపోతుంది, టై రాడ్ గీసే వృత్తం వేరు, ఆర్మ్ గీసే వృత్తం వేరు కాబట్టి టో కూడా మారుతుంది. అందుకే కుంగిన బండికి టో సెట్ చేస్తే మంచి రోడ్డు మీద సరిగ్గానే పోతూ, చక్రం గోతిలో పడి లేచిన ప్రతిసారీ పక్కకి గెంతుతుంది. ఎడమ కుడి ఎత్తులు కొలిచి తేడా ఉంటే వెనక కొస దగ్గర బార్‌ని తిరిగి అమర్చి సరిచేస్తారు. బార్లు విప్పితే మాత్రం ఏది ఎడమదో ఏది కుడిదో పెయింటుతో గుర్తు పెట్టుకోండి, ఒక దిక్కు మెలికి అలవాటు పడ్డ కడ్డీని రెండో పక్క వేస్తే ఎదురు మెలి పడి విరిగే ప్రమాదం ఉంది. పైప్ రెంచితో పట్టి గీతలు కూడా పెట్టకూడదు, ఆ గీత దగ్గరే పగులు మొదలవుతుంది.

సముద్రం పక్క బండైతే ఇంకో చూపు. గోపాలపూర్, సోంపేట, బారువ వైపు ఉప్పు గాలికి నిలబడ్డ బండ్లలో టార్షన్ బార్ వెనక కొస పట్టుకునే క్రాస్ మెంబర్ తుప్పు పట్టి ఉండొచ్చు. అంబాసిడర్‌కి లారీలాగా విడి చాసిస్ లేదు, బాడీయే చాసిస్. సుత్తి వెనక వైపుతో తట్టి చూడండి, ఖంగుమంటే పర్వాలేదు, డబ్ డబ్‌మని మందంగా పలికి పొరలు రాలితే ముందు వెల్డింగు పని, అలైన్‌మెంట్ మాట దాని తర్వాత. పైన అండర్‌కోటింగు నల్లగా కొట్టేసి అమ్మిన బండైతే మరీ జాగ్రత్త.

వెనక ఎత్తు కూడా ముందు చక్రాలని పాడు చేస్తుందంటే చాలామంది నమ్మరు. ఈ ఏజెన్సీ దార్లలో ట్యాక్సీగా తిరిగిన బండ్లకి జనాన్ని మోయడానికి వెనక కమాన్ కట్టలో ఒకటో రెండో అదనపు పట్టీలు వేసేవారు. ఇప్పుడు ఆ బండి ఇంటి బండి అయింది, వెనక సీటు ఖాళీ, తోక లేచి ముక్కు దిగి ఉంటుంది. బండి మొత్తం ముందుకి వాలితే కింగ్ పిన్ కూడా అంతే వాలుతుంది. ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య దూరం 2,464 మిల్లీమీటర్లు, కాబట్టి వెనక భాగం 43 మిల్లీమీటర్లు లేస్తే కాస్టర్ ఒక డిగ్రీ పోయినట్టే. అంత పోతే స్టీరింగ్ తిరిగి రాదు, నేషనల్ హైవే మీద లారీ పక్కనుంచి పోగానే బండి తేలిపోతున్నట్టు ఉంటుంది, చేతులు నొప్పెడతాయి. దీనికి ముందు పక్క ఎంత బిగించినా లాభం లేదు, ఆ అదనపు పట్టీ తీసెయ్యడమే మందు.

స్టీరింగ్ వీల్ వంకరగా ఉందన్న ఫిర్యాదు వేరే కథ. బరంపురంలో ఒక షెడ్డులో వేలంలో కొన్న మాజీ సర్కారీ బండి ఒకటి చూశాను. ప్రతి అలైన్‌మెంట్ తర్వాతా వీల్ వంకరే, ప్రతిసారీ వీల్ ఊడదీసి నిటారుగా పెట్టి పంపారు. "వీల్ మనం పెట్టుకునేదే కదా భాయినా, ఎలా పెడితే అలా ఉంటుంది" అన్నాడు కుర్ర మెకానిక్ నవ్వుతూ. కింద చూస్తే టై రాడ్ మరలు ఎడమ పక్క లాక్ నట్ అవతల బొటనవేలి మందాన బయటికి ఉన్నాయి, కుడి పక్క దాదాపు కనబడటం లేదు. అంటే ర్యాక్ మధ్యలో లేదు, ఒక పక్కకి జరిగి ఉంది. అలాంటి బండి ఒక పక్క ఎక్కువ తిరిగి ఇంకో పక్క తక్కువ తిరుగుతుంది, గోతుల్లో రెండు పక్కలా ఒకేలా స్పందించదు. సరైన పద్ధతి ఏమిటంటే, స్టీరింగ్‌ని ఒక కొస నుంచి ఇంకో కొసకి ఎన్ని చుట్లు తిరుగుతుందో లెక్కపెట్టి, అందులో సగం దగ్గర ఆపి, అక్కడ వీల్ నిటారుగా పెట్టి కదలకుండా కట్టేసి, అప్పుడు రెండు టై రాడ్లనీ సమానంగా తిప్పుతూ టో సెట్ చేయాలి. ఒక పక్కే తిప్పి అంకె తెచ్చేస్తే ప్రింటు బాగుంటుంది, స్టీరింగ్ బాగోదు. షెడ్డు వాళ్ళకి ఇది తెలియక కాదు, ఒక పక్క నట్ తుప్పు పట్టి కదలకపోతే రెండో పక్క తిప్పేస్తారు. ముందు రోజు రాత్రే రెండు లాక్ నట్లకీ ఆయిల్ పట్టించి ఉంచండి.

ఇంత చేసినా తిన్నటి రోడ్డు మీద వీల్ వంకరగానే ఉంటే వెనక్కి నడవండి. కమాన్ కట్ట మధ్యలో ఉండే సెంటర్ బోల్టు విరిగితే ఇరుసు ఒక పక్క ముందుకి జరుగుతుంది, వెనక చక్రాలు బండిని పక్కకి తోస్తుంటాయి, డ్రైవరు తెలియకుండానే ముందు చక్రాలని అటు తిప్పి సరిచేసుకుంటుంటాడు. వెనకాల బండిలో వస్తున్నవాళ్ళకి మీ బండి పీత నడకలా కనిపిస్తుంది. ముందు హబ్ మధ్య నుంచి వెనక హబ్ మధ్యకి రెండు పక్కలా టేపుతో కొలవండి, ముందు చక్రాలు నిటారుగా ఉండాలి. తేడా కనబడితే కట్టని ఇరుసుకి బిగించే యు బోల్టులు, సెంటర్ బోల్టు, కట్ట కొస వేలాడే షాకిల్ బుష్‌లు చూసుకోవాలి. ముందు చక్రాలకే కొలిచే పాత రకం మిషన్లో ఇది అసలు కనబడదు, నాలుగు చక్రాలకీ బోర్డులు తగిలించే త్రీడీ మిషన్లో థ్రస్ట్ యాంగిల్ అని, వెనక చక్రాలు బండిని ఎటు తోస్తున్నాయో చెప్పే ఒక లైను ఉంటుంది, ఎవరూ చూడరు దాన్ని.

మిషన్ ఎక్కించే రోజు వచ్చిందనుకుందాం. ట్యాంకులో సగమైనా పెట్రోలు, నాలుగు టైర్లకీ సరైన గాలి, డిక్కీలో పనికిరాని సామాను లేకుండా వెళ్ళండి. ముందు ఆపరేటరు ఏ బండి పేరు నొక్కుతున్నాడో చూడండి. జాబితాలో అంబాసిడర్ లేకపోతే చేతికందిన ఏ మారుతీయో ఎంచుకుంటారు, అప్పుడు పచ్చరంగు మీ బండికి కాదు, ఆ మారుతీకి. మీ మోడల్ మాన్యువల్లో ఉన్న టో అంకెని కాగితం మీద రాసుకుని పట్టుకెళ్ళండి. ఇక్కడ ఇంకో చిక్కుంది, మాన్యువల్లో అంకె అంగుళాల్లోనో మిల్లీమీటర్లలోనో ఉంటుంది, మిషన్ డిగ్రీలూ నిమిషాలూ (డిగ్రీకి 60 నిమిషాలు) చూపిస్తుంది. 15 అంగుళాల రిమ్ము దగ్గర ఒక డిగ్రీ అంటే సుమారు 6.6 మిల్లీమీటర్లు, పది నిమిషాలంటే మిల్లీమీటరు పైచిలుకు. మాన్యువల్ చెప్పేది రెండు చక్రాలకీ కలిపిన మొత్తం, మిషన్ ఒక్కో చక్రానికీ విడిగా కూడా చూపిస్తుంది. ఆ మొత్తాన్ని ఒక్కో చక్రానికీ పెట్టేస్తే టో రెట్టింపై కూర్చుంటుంది, కొత్త టైర్లు తినేస్తుంది. బండి కొత్తగా ఉన్నప్పటి అంకె నైలాన్ టైర్ల కోసం ఇచ్చింది, రేడియల్ వేసుకున్నవాళ్ళు ఆ పరిధిలో తక్కువ వైపు ఉండటం మంచిదని నా అభిప్రాయం, రేడియల్ సాధారణంగా అంత టో కోరదు.

అన్నిటికంటే పనికొచ్చే పరీక్ష ఇది. మొదటిసారి కొలిచి ప్రింటు తీయించండి. ఏ నట్టూ ముట్టుకోకుండా బండిని దించి, ఓ కిలోమీటరు తిప్పి, మధ్యలో రెండు సార్లు గట్టిగా బ్రేకు తొక్కి, మళ్ళీ ఎక్కించి కొలిపించండి. రెండు ప్రింట్లూ దాదాపు ఒకేలా ఉంటే బండి సెట్ చేయడానికి సిద్ధంగా ఉంది. అంకెలు తేడాగా వస్తే ఎక్కడో లూజు మిగిలింది, లేదా బోర్డు తగిలించిన రిమ్ము వంకర, ఏదైనా సరే ఆ రోజు టో చేయించుకోకుండా ఇంటికి వచ్చేయడమే. "ఏటండీ బాబూ, మిషన్ తప్పు చెప్తదా" అంటారు. మిషన్ రెండుసార్లూ నిజమే చెప్పింది, మారింది బండి. ఈ రెండో కొలతకి అదనంగా డబ్బు అడిగితే ఇచ్చేయండి, ఒక టైరు ధరలో అది ఏ మూలకీ రాదు.

మిషన్ దగ్గర్లో లేనివాళ్ళకి టో వరకూ ఇంట్లోనే అవుతుంది. ముందు చక్రం లేపి తిప్పుతూ టైరు మధ్యలో సుద్దముక్కతో తెల్లటి పట్టీ వేయండి, దాని మీద మేకుతో సన్నటి గీత గీయండి, చుట్టూ ఒకే చోట పడేలా మేకుని చెక్కముక్కకి ఆనించి కదలకుండా పట్టుకోవాలి. రెండు చక్రాలకీ ఇలా గీసి, బండిని దించి, ముందుకి కాస్త తోసి (వెనక్కి తోసి ఆపితే జాయింట్లు ఎదురు పక్కకి ఆనుకుంటాయి, కొలత తప్పుతుంది), హబ్ ఎత్తులో టైరు ముందు పక్క రెండు గీతల మధ్య దూరం కొలవండి. కొలిచిన చోట చుక్క పెట్టి, బండిని ఆ చుక్క వెనక పక్క అదే ఎత్తుకి వచ్చేదాకా ముందుకే తోసి మళ్ళీ కొలవండి. అదే చుక్కల దగ్గర రెండుసార్లూ కొలుస్తున్నాం కాబట్టి రిమ్ము కాస్త వంకరైనా లెక్క చెడదు. వెనక దూరంలోంచి ముందు దూరం తీసేస్తే వచ్చేదే టో, అది టైరు దగ్గర కొలిచింది కాబట్టి రిమ్ము దగ్గర అంకె కంటే కాస్త పెద్దదిగా వస్తుంది. నట్లు తిప్పేటప్పుడు టైరు నేలని పట్టుకుని ఉండకుండా చక్రాల కింద గ్రీజు రాసిన రెండు పొరల ప్లాస్టిక్ కవర్లు పరవండి.

సామాను సంగతి ఒక్కటి. బండి తయారీ ఆగి పదేళ్ళు దాటింది, టై రాడ్ ఎండ్లు, కింగ్ పిన్ కిట్లు వైజాగ్, విజయవాడ ఆటోనగర్లలోనూ, కలకత్తా మల్లిక్ బజార్లోనూ దొరుకుతాయి కానీ వాటిలో నాసిరకం ఎక్కువ. కొత్త టై రాడ్ ఎండ్‌ని కొట్లోనే చేత్తో పట్టుకుని బాల్‌ని తిప్పి చూడండి, సమానమైన బిగువుతో తిరగాలి, వదులుగా ఊగకూడదు. కింగ్ పిన్‌ని గోటితో నిలువునా గీరి, మైక్రోమీటరు ఉన్న లేత్ షాపులో కొలిపించి, దానికి తగ్గట్టు బుష్‌ని రీమర్ పట్టించుకోవాలి తప్ప కిట్‌లో వచ్చింది వచ్చినట్టు కొట్టేస్తే పైన చెప్పిన బిగుసుకుపోయే జబ్బే వస్తుంది. రబ్బరు బుష్‌లు మాత్రం ఏళ్ళ తరబడి కొట్లో పడున్నవి కొనకండి, కంపెనీ పేరున్న పాత డబ్బా అయినా సరే, రబ్బరు డబ్బాలోనే గట్టిపడిపోతుంది. అంతా వేసి, సెట్ చేసి, లాక్ నట్లు బిగించాక ఓ వారం మామూలుగా తిప్పి మళ్ళీ ఒకసారి ఆ నట్లకి స్పానరు పెట్టి చూసి, టైరు మీద అరచెయ్యి రాయండి, రంపం పళ్ళు ఇంకా తగులుతుంటే టో మళ్ళీ కొలవాలి.